ఇల్లు–వాకిలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇల్లు సర్దుకోవడం గురించినవే కావడంతో, వాటిలో నుంచి అయిదింటిని ఎంచుకుని ఒకచోట జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము రెండు పడకగదుల అపార్టుమెంటులో ఉంటున్నాము. నేనూ మావారూ ఉద్యోగస్థులం. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి చదివే అబ్బాయి, మా అత్తగారు మాతోనే ఉంటారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం దాకా ఇల్లంతా సర్దుతాను. బుధవారం వచ్చేసరికి సోఫా మీద కూర్చునే చోటుండదు, భోజనాల బల్ల మీద కంచం పెట్టే చోటుండదు. పనమ్మాయి ఊడ్చి తుడిచి గిన్నెలు తోమి వెళ్తుంది. అయినా ఇల్లు ఇలాగే ఉంటోంది. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉందండి. ఊడ్చడం, తుడవడం, గిన్నెలు తోమడం రోజూ జరుగుతున్నాయంటే మీ ఇంట్లో మురికి లేదు, ఉన్నదంతా చిందరవందరే. మురికి నెమ్మదిగా పేరుకుంటుంది కనుక వారానికొకసారి పూనుకుని వదిలించినా సరిపోతుంది. చిందరవందర ఇంట్లో మనుషులు మసలుతున్నంతసేపూ పుడుతూనే ఉంటుంది కాబట్టి, ఆదివారం మీరు ఎంత శ్రమపడినా అది సోమవారం ఉదయం టిఫిన్ల వేళకే మళ్లీ మొదలవుతుంది.

ఈసారి బుధవారం నాడు సోఫాను సర్దబోయే ముందు దాని మీద ఏమేమి చేరాయో ఒకసారి నిదానంగా చూడండి. దండెం మీద నుంచి తెచ్చిన బట్టలు, స్కూలు బ్యాగు, హెల్మెట్, కరెంటు బిల్లు, ఆన్‌లైన్‌లో తెప్పించిన వస్తువు తాలూకు అట్టపెట్టె, రెండు ఛార్జర్లు కనిపిస్తాయని మా అంచనా. వీటిలో దాదాపు ప్రతి ఒక్కటీ సగంలో ఆగిపోయిన ఒక పనికి గుర్తు. బట్టలు ఉతకడమనే పని, వాటిని మడతపెట్టి బీరువాలో పెట్టినప్పుడు గానీ పూర్తికాదు. అట్టపెట్టెను విప్పి వస్తువును తీసుకున్న మనిషే దానిని మడిచి పొడి చెత్తలో వేసేదాకా ఆ వస్తువు ఇంటికి పూర్తిగా చేరినట్టు కాదు. పనికి చివర ఉన్న ఈ చిన్న ముక్కను మనమందరం వేరే పనిగా లెక్కగట్టి ఆదివారానికి వాయిదా వేస్తాము. ఆ ముక్కలన్నీ కలిసి మీ సగం రోజును తినేస్తున్నాయి.

రెండో కారణం, కొన్ని వస్తువులకు అసలు చోటే లేకపోవడం. కత్తెర ఎక్కడుంటుందని మీ ఇంట్లో అయిదుగురినీ విడివిడిగా అడిగి చూడండి. అయిదు జవాబులు వస్తే దానికి చోటు లేనట్టే. చోటును నిర్ణయించేటప్పుడు అందంగా కనిపించే మూలను ఎంచుకోవడం కంటే, ఆ వస్తువును సహజంగా ఎక్కడ దించుతారో గమనించి అక్కడే చోటు కల్పించడం మంచిది. మీవారు లోపలికి రాగానే హెల్మెట్‌ను సోఫా మీద పెడుతున్నారంటే తలుపు పక్కన గోడకు కొక్కెం లేదని అర్థం. పిల్లలు బ్యాగులను హాల్లోనే పడేస్తుంటే వాటిని లోపలి గదికి చేర్చమని రోజూ కేకలేసే బదులు హాల్లోనే ఒక మూల చిన్న బల్ల వేయండి. ఉతికిన బట్టలను మాత్రం హాల్లోకి రానివ్వకుండా తిన్నగా పడకగదిలో మంచం మీదికి చేర్చండి; పడుకోవాలంటే మడతపెట్టక తప్పదు. అయితే ఆ గదిలో కుర్చీ ఉంటే ముందు దానిని బయటికి పంపించండి, ఎందుకంటే మన ఇళ్లలో పడకగదిలోని కుర్చీ మీద మనిషి కూర్చోవడం అరుదు, బట్టలు కూర్చోవడమే ఎక్కువ.

ఇక అలవాటు సంగతి. కొత్త అలవాటుకు గడియారం కంటే పాత అలవాటు ఎక్కువగా తోడ్పడుతుంది. “రాత్రి తొమ్మిదింటికి సర్దుకుందాం” అన్న నియమం మొదటి వారంలోనే తప్పుతుంది. “భోజనాలయ్యాక, బల్ల తుడవగానే, ఎవరి వస్తువులు వారు తీసుకుని హాలు దాటాలి” అన్న నియమం నిలబడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే భోజనం ఎలాగూ రోజూ ఉంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ చేసే ఏదో ఒక పనికి కొత్త పనిని జతచేసుకున్నవారికి అది ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. అయితే మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. అందుచేత చుట్టాలు వచ్చి రెండు రోజులు ఇల్లు తలకిందులైతే, మూడో రోజు రాత్రి భోజనాల తరువాత మళ్లీ మొదలుపెట్టండి.

మీ ఉత్తరంలో “సర్దుతాను” అన్న క్రియ తప్ప “సర్దుతాము” అన్నది ఎక్కడా కనిపించలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడపగా, అటువంటి పనులు చేసే పురుషులు 97 నిమిషాలు గడిపారు. అసలు ఏ పనీ చేయని మగవారు ఈ సగటులోకి రానేలేదు. కాబట్టి “నాకు సాయం చేయండి” అని అడగకండి. సాయమంటే పని మీదేనని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. అమ్మాయికి చెప్పినదంతా అబ్బాయికీ చెప్పండి. నాలుగో తరగతి పిల్లవాడు స్కూలు నుంచి రాగానే లంచ్ బాక్సు తీసి సింకులో నీళ్లు పోసి పెట్టగలడు, విప్పిన యూనిఫారాన్ని బట్టల బుట్టలో వేయగలడు. అత్తగారి వస్తువులను మాత్రం ఆవిడ చెప్పనిదే కదపవద్దు. ఆవిడ మందుల డబ్బా, కళ్లజోడు, పంచాంగం చేతికందే చోట ఉండటం మీ హాలు ముచ్చటగా కనిపించడం కంటే ముఖ్యం.

ప్రశ్న: నాకు అరవై ఎనిమిదేళ్లు. మా అటక నిండా సామానే ఉంది: ఇత్తడి బిందెలు, పెళ్లిళ్లలో పెట్టిన స్టీలు గిన్నెలు, పాత చీరలు, ఖాళీ స్వీటు డబ్బాలు, కవర్లు, పనిచేయని మిక్సీ. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి వచ్చినప్పుడల్లా “అన్నీ పారేయమ్మా” అంటాడు. నాకు మనసొప్పడం లేదు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మనసొప్పకపోవడంలో తప్పేమీ లేదు. వస్తువును చివరిదాకా వాడుకున్న తరం మీది. ఏడాదికొకసారి వచ్చి వారం రోజులుండే కొడుకుకు అటక ఖాళీ చేయడం తేలికగా కనిపించడమూ సహజమే. అయితే మీరు దాచినవన్నీ ఒక కోవకు చెందినవి కావు. ఇత్తడి బిందె ఈనాటికీ తూకానికి ధర పలుకుతుంది, దానికి జ్ఞాపకం విలువ కూడా ఉంటుంది. ఇష్టమైన ఒకటి రెండు బిందెలను కిందికి దించి కళ్లెదుట పెట్టుకోండి. పనిచేయని మిక్సీకి ఈ రెండు విలువలూ లేవు. దానిని బాగుచేయించాలా, వదిలించుకోవాలా అన్నది తేల్చుకోకపోవడం వల్లనే అది అటకెక్కింది. మీ అటక మీద మీరు దాచుకున్నవి ఎన్ని, తేల్చుకోలేక పైకి పంపినవి ఎన్ని అన్నది ఒక్కొక్క వస్తువును చేతిలోకి తీసుకుంటే గానీ తెలియదు.

అందుకని వారానికి ఒక్క పెట్టెను మాత్రమే కిందికి దించండి. మీరు మాత్రం స్టూలెక్కవద్దు. ఇంట్లో పనిచేసే వారినో, పక్కింటి కుర్రవాణ్నో అడగండి. కవర్లు దాచుకోవడం మన ఇళ్లలో ఆచారం లాంటిది కనుక దానిని మానమని చెప్పము గానీ, ఒక్క సంచిలో పట్టినన్నే ఉంచి, అది నిండాక కొత్తది దాచాలంటే పాతదొకటి తీయాలన్న కట్టుబాటు పెట్టుకోండి. స్వీటు డబ్బాలకూ ఇదే లెక్క. నూలు చీరలు బొంతలకు పనికొస్తాయి. పాత మిక్సీ, సెల్‌ఫోన్లు, బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించేవారికి ఇవ్వాలి. భోగి మంటల్లో ప్లాస్టిక్కును, పాత టైర్లను వేయడం ఎంతమాత్రం మంచిది కాదు. వాటి పొగ విషం.

మీ అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు, పారేయమనే ముందు ఒక మధ్యాహ్నమంతా మీ పక్కన కూర్చుని ఒక్కొక్క వస్తువు ఎక్కడిదో వినమని మా మాటగా చెప్పండి. విన్న తరువాత కొన్నింటిని మీరే ఇచ్చేస్తారు, కొన్నింటిని బహుశా అతడే అడిగి తీసుకుంటాడు.

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి ఉంటున్నాము. శుభ్రం చేయడానికి వంతులు వేసుకున్నాము, అవి రెండు వారాలు కూడా నడవలేదు. వంటింట్లో బొద్దింకలు విపరీతం.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రోజుల లెక్కన వేసుకున్న వంతులు, ఎవరో ఒకరు ఊరికి వెళ్లగానే తెగిపోతాయి. తిన్న కంచం తిన్నవాడే కడగాలి, వండనివాడు వంట గిన్నెలు తోమాలి అన్న రెండు నియమాలకు పట్టికతో పని లేదు. బొద్దింకలు రాత్రి పూట తిండి కోసమే కాక నీటి కోసం కూడా తిరుగుతాయి. కాబట్టి పడుకునే ముందు సింకును ఖాళీ చేసి పొడిగుడ్డతో తుడవండి, తడి చెత్త సంచిని మూతి బిగించి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఉదయాన్నే చెత్తబండికి ఇవ్వండి. ఇవి చేయకుండా కొట్టే మందు కొద్ది రోజుల ముచ్చటే. తడి తువ్వాళ్లను తలుపుల మీద వేయడం మానితే గదిలోని వాసన కూడా సగం తగ్గుతుంది.

ప్రశ్న: మా వంటగట్టు కడప రాయిది. జిడ్డు పోవడానికి యాసిడ్ వేసి కడిగితే తెల్లగా పాలిపోయి, మెరుపు పోయింది. ఎన్నిసార్లు కడిగినా ఆ తెలుపు పోవడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇక కడగకండి, ముఖ్యంగా యాసిడ్‌తో. కడప రాయి సున్నపురాయి జాతిది. తాండూరు, షాబాదు బండలూ అంతే. యాసిడ్ తగిలితే ఆ రాయి పైపొర కరిగిపోతుంది. మీకు కనిపిస్తున్న తెలుపు మురికి కాదు, తినివేతకు గురైన రాయే. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ కూడా ఇదే పనిని నెమ్మదిగా చేస్తాయి కనుక పులుసు ఒలికితే వెంటనే తుడిచేయాలి. పోయిన మెరుపును రాయి పాలిష్ పట్టేవారు తిరిగి తెప్పించగలరు. ఆ తరువాత ప్రతి వంట అయిన వెంటనే, పొయ్యి దగ్గర గట్టు ఇంకా గోరువెచ్చగా ఉండగానే, సబ్బునీటిలో పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే జిడ్డు గట్టిపడదు, యాసిడ్ అవసరమే రాదు. మరో హెచ్చరిక: యాసిడ్‌నూ బ్లీచింగు పౌడరునూ ఎక్కడా, ఆఖరికి బాత్రూములోనైనా, కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ప్రశ్న: రోజూ అక్కరలేకుండా, వారానికొకసారి తప్పకుండా చేయవలసిన పని ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది. ఇంట్లో నిలిచిన నీటిని పారబోయడం. డెంగీని మోసే ఏడిస్ దోమ శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా ఎదగడానికి ఇంచుమించు వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికొకసారి నీటిని పారబోస్తే ఆ క్రమం మధ్యలోనే తెగిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ శుక్రవారాన్ని డ్రై డేగా, అంటే నిలిచిన నీటిని పారబోసి పాత్రలను ఆరబెట్టే రోజుగా, పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పడంలోని ఆంతర్యం ఇదే. కూలరు, పూలకుండీల కింది పళ్లేలు, మనీప్లాంటు సీసా అందరికీ గుర్తుంటాయి; ఫ్రిజ్ వెనుక కిందిభాగంలో ఉండే ట్రే ఎక్కువమందికి గుర్తుండదు. పారబోయడంతో పాటు పాత్ర లోపలి అంచులను గట్టిగా రుద్ది కడగాలి, ఎందుకంటే ఆ దోమ గుడ్లు అంచులకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండగలవు.