మొదటి ఇంటర్నల్ అయ్యాక చెప్పమ్మా

అనంతపురం

అమ్మాయీ, ఆశీస్సులు.

కడపలో ఫస్టియర్ కెమిస్ట్రీ నీకే ఇచ్చారని, పిల్లలు అసలు చదవడం లేదని రాశావు. చదువుతూనే ఉంటారమ్మా. గైడు పదిసార్లు తిరగేసి, పేజీ కళ్లకు అలవాటైతే వచ్చేసిందనుకుంటారు.

ఎలా చదవాలో మొదటి రోజే చెప్పకు. నేను చాలా ఏళ్లు ఆ పొరపాటే చేశాను, ఒక్కడి చెవికీ ఎక్కలేదు. మొదటి ఇంటర్నల్ మార్కులు చేతికొచ్చిన మర్నాడు ఒక పీరియడు సిలబస్ పక్కన పెట్టు. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఇలాగే మొదటి పరీక్ష తర్వాత ఎలా చదవాలో చెప్పే 50 నిమిషాల క్లాసు పెట్టి, ఫలితాలు 2013లో ప్రచురించారు. వచ్చినవాళ్ల ఫైనల్ గ్రేడు రానివాళ్లకంటే సగటున ఒక మెట్టు ఎక్కువ. వచ్చినవాళ్లు ముందునుంచే శ్రద్ధగలవాళ్లేమోనని నాకో అనుమానం. అయినా ఒక పీరియడుతో పోయేదేముంది?

ఉపన్యాసం మాత్రం ఇవ్వకు. ‘ఒక మోల్ నీళ్లంటే ఎన్ని?’ అని అడుగు. మోల్ అంటే డజను లాంటి లెక్కే కదా, కాకపోతే అణువులకు. చాలామంది 22.4 లీటర్లంటారు. అది సున్నా డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర వాయువు సంగతి. నీళ్లయితే 18 గ్రాములు, అంటే 18 మిల్లీలీటర్లు. బిందెడు కాదు, గుక్కెడు! క్లాసంతా నవ్వుతుంది. బట్టీ ఎక్కడ బెడిసికొడుతుందో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు పుస్తకాలు మూయించి, తెల్లకాగితం మీద నిన్నటి పాఠం గుర్తున్నంత రాయించు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చుకుంటారు. ‘చదివితేనే బాగా వస్తోంది మేడం’ అని గొణుగుతారు. అందులో అబద్ధం లేదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాలకే అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 42. మన పరీక్షలు ఐదు నిమిషాలకు రావు కదా.

అదే పాఠం రెండు రోజులాగి ఒకసారి, వారానికి మళ్లీ ఒకసారి రాయించు. చీనీ తోటకు నెల నీళ్లు ఒక్కరోజే పెడతామా?

లెక్కలకైతే గైడులో జవాబు అరచేత్తో మూసి చేయమను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లను ముందు పక్కవాడికి తెలుగులోనే చెప్పనివ్వు, ఇంగ్లీషులో రాయడం తర్వాత.

ఇంకొకటి. నోట్సు డిక్టేట్ చేయడం తగ్గించు. అది నా దగ్గర నేర్చుకున్నదే, నాకు తెలుసు.

మీ సారు