సౌత్ డౌన్స్ వే ఎక్కబోయే అమ్మలుకి పిన్ని రాస్తున్నది

అమ్మలూ,

మీ అమ్మ అక్కడ తెల్లవారుజామున నిద్ర మానుకుని మరీ నాకు ఫోన్ చేసింది. "అది ఒక్కతే సైకిలేసుకుని కొండలూ అడవులూ పట్టి పోతుందట, నువ్వైనా చెప్పవే" అని. అక్కకి ఏదో సర్దిచెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. నీ వయసులో నేను సైకిల్ మీద బజారు దాకా వెళ్తేనే ఇంట్లో పంచాయితీ అయ్యేది. నువ్వు దక్షిణ ఇంగ్లండ్ కొండల మీదుగా పోయే సౌత్ డౌన్స్ వే పట్టుకుని, వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు తొక్కుతానంటున్నావు. గర్వంగా ఉండదూ?

అయినా తిట్టాల్సింది తిట్టాలి. రెండు రోజుల్లో అయిపోతుందని ఎవరు చెప్పారే నీకు? అది జూన్‌లో మాట, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుండే రోజుల్లో. ఆ దారిలో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే దగ్గర దగ్గర 4,000 మీటర్లు. పైగా నువ్వు పెట్టుకున్నది అక్టోబర్ చివరి ఆదివారం. ఆ రోజు తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారం పావుతక్కువ ఆరు దాకా ఉండే సూర్యుడు ఆదివారం ఐదు కూడా కాకుండానే వెళ్ళిపోతాడు. చెట్ల కింద చీకటి ఇంకో అరగంట ముందే పడుతుంది.

కాబట్టి మూడు రోజులు చెయ్యి. శుక్రవారం వించెస్టర్ నుంచి బట్సర్ హిల్ దాటి మా ఇంటికి రా. శనివారం ఇక్కణ్ణించి స్టెయినింగ్, అక్కడ గది ముందే బుక్ చేసుకో. ఆదివారం మిగిలింది. ఆ రోజు పొద్దున ఏడింటికల్లా వెలుగొస్తుంది, ఆ గంట వదులుకోకు.

టైర్లు 40 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ట్యూబ్‌లెస్ అయితే లోపల చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం ఎండిపోయిందేమో చూసుకో. అయినా రెండు ట్యూబులు పెట్టుకో. దారిలో కొళాయిలు ఉన్నాయి, మ్యాప్‌లో గుర్తు పెట్టుకో. గేటు మూసి ఉంటే మూసే వెళ్ళు, తెరిచి ఉంటే తెరిచే వదిలెయ్. దూడలున్న ఆవుల మధ్య నుంచి పోకు, చుట్టు తిరిగి పో.

దారి గుర్తుల గురించి ఒక మాట. ఓక్ కాయ బొమ్మ నీ దారికి గుర్తు. దానితో పాటు నీలం బాణం ఉంటే అది గుర్రాల దారి, నువ్వు తొక్కొచ్చు. పసుపు బాణం నడిచేవాళ్ళది, అందులో సైకిలెక్కి పోయే హక్కు మనకి లేదు. 1968 చట్టంతో గుర్రాల దారుల్లోకి సైకిళ్ళని రానిచ్చారు. నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలన్న షరతు కూడా అందులోనే పెట్టారు. గుర్రం వెనక నుంచి చప్పుడు లేకుండా దూసుకుపోకు. దూరం నుంచే "హలో" అని పిలువు, ఆగమంటే ఆగు. ఆల్‌ఫ్రిస్టన్ దాటాక సముద్రం పక్కన సెవెన్ సిస్టర్స్ అనే సుద్ద కొండల దారి చూసి ఆశపడతావు. అది నడిచేవాళ్ళది. నీది జెవింగ్టన్ మీదుగా లోపలి దారి.

ఇక అసలు సంగతి. మీ బాబాయి చేసిన తప్పు. నీకు రాయమని ఆయనే అన్నారు.

కొన్నేళ్ళ క్రితం, ఇలాగే గడియారం మారిన ఆదివారం. క్వీన్ ఎలిజబెత్ కంట్రీ పార్క్ నుంచి ఆంబర్లీ స్టేషన్ దాకా, నలభై కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బయల్దేరదామని నేనంటే, "మూడు గంటల పని, భోంచేసి పోదాం" అన్నారు. కాటన్ స్వెట్‌షర్టు వేసుకున్నారు. వద్దన్నా వినలేదు. కాకింగ్ దాటి పైకెక్కేసరికి సన్నగా వాన. అక్కడ బీచ్ చెట్ల ఆకులు రాలి దారంతా ఎర్రటి దుప్పటి పరిచినట్టుంది. చూడ్డానికి ఎంత బావుందో! ఆ ఆకుల కిందే చెకుముకి రాళ్ళు. కత్తిలా కోశాయి వెనక టైరుని.

ఆయన చేతులు అప్పటికే కొయ్యబారాయి. టైరు విప్పే లీవర్ పట్టుకుంటున్నారు, రిమ్ముకీ టైరుకీ మధ్య దూరుస్తున్నారు, జారి ఆకుల్లో పడుతోంది. వెతికి తీస్తున్నారు, మళ్ళీ పడుతోంది. కొత్త ట్యూబు ఎక్కించేటప్పుడు లీవర్‌తో నొక్కి దాన్ని కూడా చింపేశారు. అప్పటికి చీకటి. దారి చూపిస్తున్న ఫోన్ చలికి ఆరిపోయింది. నేను చెయ్యనివ్వమంటే విసుక్కున్నారు. ఆయన నా మీద విసుక్కునే మనిషి కాదు.

కాసేపటికి విసుగు ఆగిపోయింది. వణుకు కూడా ఆగిపోయింది. "చలి తగ్గిందే, ఐదు నిమిషాలు ఇలా కూర్చుంటా" అన్నారు, మాట ముద్దముద్దగా. నేను వార్డులో ఇన్నేళ్ళు పని చేసినదాన్ని కాబట్టి నా గుండె అక్కడే ఆగింది. వణుకుతున్నంతసేపూ ఒళ్ళు పోరాడుతున్నట్టే. వణుకు ఆగి, మాట తడబడి, మనిషి కూర్చుంటానంటే అది తగ్గడం కాదు, ముదరడం. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోతే మెదడే సరిగా పని చెయ్యదు. తన పరిస్థితి తనకే తెలీదు. నా పక్కన ఉన్న మనిషికే తెలియలేదు, నువ్వు ఒక్కదానివి ఉంటావు. నా భయం అంతా ఇక్కడే ఉంది, అమ్మలూ. పడితే దెబ్బ తగులుతుంది, అరుస్తావు, ఫోన్ చేస్తావు. ఇది మాత్రం హాయిగా అనిపిస్తూ వస్తుంది.

తడి స్వెట్‌షర్టు విప్పించి నా బ్యాగులో ఉన్న పొడి ఉన్ని చొక్కా తొడిగాను, పైన వెండి రేకు దుప్పటి చుట్టాను. ఫ్లాస్కులో తీపి టీ గుక్కగుక్కగా తాగించాను. సైకిళ్ళు అక్కడే వదిలేసి, ఆయన్ని భుజం పట్టి నడిపించుకుంటూ ఏ285 రోడ్డు దాకా దిగాను. కారులో వెళ్తున్న ఒక పెద్దావిడ ఆపింది. హీటర్ పెంచి, ఏమీ అడక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ రాత్రి మీ బాబాయి నా చెయ్యి వదల్లేదు.

అందుకని చెప్తున్నా. కాటన్ వద్దు, ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకో. పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో కట్టి అడుగున పెట్టు, తొక్కుతున్నంతసేపూ తియ్యకు, అది నువ్వు ఎక్కడైనా ఆగిపోయినప్పుడు వేసుకోవడానికి. రెండు జతల గ్లవ్స్. రేకు దుప్పటి నా దగ్గర ఉంది, ఇస్తాను. చిక్కీలు చేతికందే జేబులో పెట్టుకో, ఆకలి వేయకముందే తిను. అత్యవసర నంబరు 999కి "రిజిస్టర్" అని ఇంగ్లీషులో ఇవాళే మెసేజ్ పెట్టు. సిగ్నల్ సరిగా లేక మాట వెళ్ళకపోయినా, మెసేజ్‌తో సాయం అడగొచ్చు. కాగితం మ్యాప్ ఒకటి ఉండాలి.

ఇంకొకటి. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నావో చూసుకో. మిగిలిన దూరం వెలుతురు లోపల అవదనిపిస్తే దిగిపో. శనివారం ఆంబర్లీలో, ఆదివారం సౌత్‌ఈజ్‌లో, దారికి దగ్గర్లోనే రైల్వే స్టేషన్లున్నాయి. ఎక్కి వచ్చెయ్. మిగతాది మేలో తొక్కుకో. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

తడిసిన సుద్దరాయి మీద దిగేటప్పుడు ముందే వేగం తగ్గించు, మలుపులో బ్రేక్ నొక్కకు. భయమేస్తే దిగి నడిపించుకుంటూ పో, నామోషీ ఏం లేదు. రాత్రి కాళ్ళు చూసుకో, గోమారి లాంటి పురుగు పట్టి ఉంటే సన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిదానంగా లాగు. తర్వాత అక్కడ ఎర్రటి మచ్చ పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికెళ్ళు.

ఇంతా రాసి, అసలు వెళ్ళొద్దని ఎందుకు అనట్లేదో తెలుసా? పొద్దున్నే స్టెయినింగ్ దగ్గర కొండ మీద చాంక్టన్‌బరీ రింగ్ అనే చెట్ల గుంపు దగ్గర నిలబడితే ఒకపక్క సముద్రం, ఇంకోపక్క పొలాలూ తోపులూ కనుచూపు మేరా. నువ్వు చూడాలి అది.

శుక్రవారం వేడినీళ్ళు, పప్పుచారు సిద్ధంగా ఉంటాయి. నీ బ్రేక్ ప్యాడ్లు బాబాయి చూస్తారు, తన ముందు లైటు కూడా ఛార్జింగ్ పెట్టేశారు. ఏ రోజు ఎక్కడ ఆగుతావో, ఎన్నింటికి ఫోన్ చేస్తావో రాసి రేపటిలోగా నాకు పంపు. మీ అమ్మకి కూడా పంపు, పాపం నిద్రపోతుంది.

మీ పిన్ని