ముందు టైంటేబుల్ అడగండి

ప్రశ్న: మా ఊరి మీదుగా గూడ్స్ రైళ్లు ఇప్పటికీ వెళ్తున్నాయి, ప్యాసింజర్లు మాత్రం ఎప్పుడో ఆపేశారు. ఊరేమో రోజురోజుకీ పెరుగుతోంది. పాత స్టేషన్‌ బాగు చేయించమందామని కొందరు, రోజుకు రెండు రైళ్లు ఆపినా చాలని ఇంకొందరు అంటున్నారు. దేని కోసం పట్టుబట్టాలి?

జవాబు: రెండూ కాదండీ, ముందు పనికొచ్చే టైంటేబుల్ అడగండి. రోజుకు రెండు రైళ్లంటే ఎక్కేవాళ్లు తక్కువే ఉంటారు, ఆ లెక్కే చూపించి మళ్లీ ఎత్తేస్తారు.

ఇంగ్లండ్‌లో కార్బీ అనే ఉక్కు పట్టణానికి 1966లో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. 1987లో పక్కనున్న కెటరింగ్ దాకా ఒక షటిల్ వేశారు, అది 1990లో ఆగిపోయింది. 2009లో కొత్త స్టేషన్ కట్టి నేరుగా లండన్‌కే రైళ్లు వేశారు, అవి నిలబడ్డాయి. జనం వెళ్లాల్సిన చోటికి రైలు వెళ్లాలి, లేదంటే కనీసం అక్కడికి వెళ్లే రైలు అందేలా ఉండాలి.

గూడ్స్ నడవడం మీ అదృష్టం. ఇంగ్లండ్‌లోనే ఓక్‌హాంప్టన్ అనే ఊరికి 1972లో రోజువారీ రైళ్లు ఆగినా, క్వారీ కోసం పట్టాలు ఉంచారు కాబట్టి 2021 నవంబరులో తిరిగి మొదలుపెట్టగలిగారు. మొదట రెండు గంటలకొకటి, 2022 మే నుంచి గంటకొకటి. స్కాట్లండ్‌లోని బోర్డర్స్ లైన్ 1969లో మూసి పట్టాలు పీకేశారు, అది 2015కి గానీ రాలేదు, అదీ సగంపైగా సింగిల్ లైనే (రానూపోనూ ఒకటే ట్రాక్).

అలాగని రేపే రైలెక్కేస్తామనుకోకండి. గూడ్స్ నెమ్మదిగా నడిచే పట్టాల మీద ప్యాసింజర్ వేగంగా వెళ్లాలంటే ట్రాక్ బలపరచాలి, సిగ్నళ్లు మార్చాలి, గేట్ల దగ్గర భద్రత పెంచాలి. అసలు చిక్కు సింగిల్ లైనే: ఎదురొచ్చే రైలు కోసం ఆగడానికి సరైన చోట లూప్ (రైలు పక్కకు తప్పుకునే రెండో ట్రాక్) లేకపోతే గంటకో రైలు కాగితం మీదే ఉంటుంది, ఒకటి ఆలస్యమైతే ఆ రోజంతా అన్నీ ఆలస్యమే. డబ్బు కొంచెమే ఉంటే లూప్‌కే పెట్టమనండి, భవనం కాస్త ఆగొచ్చు (ఫొటోలో కనిపించేది భవనమే కాబట్టి నాయకులకు నచ్చకపోవచ్చు!).

స్టేషన్ పాతచోటే ఉండాలన్న నియమమేమీ లేదు, ఇప్పుడు జనం ఎటువైపు ఉంటున్నారో చూడండి. అక్కడ రెండో ప్లాట్‌ఫాంకు, బస్సులు తిరగడానికి సరిపడా స్థలం వదలమని ఊరి ప్లాన్‌లో ఇప్పుడే రాయించండి, ఇళ్లు లేచాక ఆ స్థలం దొరకదు.