పాపకు మూడు రోజులుగా జ్వరం, జలుబూ దగ్గూ లేవు. యూరిన్ కల్చర్ తప్పదా?

తప్పదండీ. మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష అది. పద్నాలుగు నెలల పాప, జ్వరం 102, జలుబూ దగ్గూ లేవు అంటున్నారు. ఆ వయసులో కారణం కనిపించని జ్వరమంటే డాక్టర్లు మూత్రాన్ని కూడా అనుమానిస్తారు. ఉచ్చ పోస్తే మంటగా ఉందని చెప్పే వయసు కాదు కదా. కానీ ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ ముందు వేసి చూద్దామా అన్నారే, ఆ పని మాత్రం చేయకండి. నేను చేశాను.

మా అమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర. ఉచ్చ పోసేటప్పుడు ఏడుస్తుంటే మా అత్తగారు "వేడి చేసిందమ్మా" అన్నారు. రెండు రోజులు బార్లీ నీళ్ళు, మజ్జిగ. జ్వరం తగ్గలేదు. ఫ్రిజ్‌లో ఉన్న పాత సిరప్ రెండు డోసులు పోసి, ఆ తర్వాత టెస్టుకు తీసుకెళ్ళాను. పస్ సెల్స్ (చీము కణాలు) ఉన్నాయి, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదు. మందు పడ్డాక అంతేనట. ఏ క్రిమో తెలియక అందాజుగా కోర్సు వాడాం. నెల తిరక్కుండా మళ్ళీ జ్వరం.

రెండోసారి ముందు శాంపిల్, తర్వాతే మందు. ల్యాబ్‌లో ఉచ్చ పట్టే ప్లాస్టిక్ సంచి పిల్లకు అంటించబోతే డాక్టర్ వద్దన్నారు. చర్మం మీది క్రిములు అందులో కలిసి, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు చూపిస్తుందట. సబ్బునీళ్ళతో కడిగి పిల్లను ఎత్తి పట్టుకున్నాను, ఎదురుగా మా ఆయన డబ్బా మూత తీసి పట్టుకుని కూర్చున్నారు. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డతో బొడ్డు కింద మెల్లగా రుద్దమంది నర్సు. నలభై నిమిషాలు! మొదటిసారి ఆయన చొక్కా మీదే పోసింది. రెండోసారి మొదటి ధార వదిలేసి పట్టాం. వెంటనే ల్యాబ్‌కు ఇవ్వాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇలా కుదరకపోతే సన్నని గొట్టం వేసి తీస్తారు. చూడలేం గానీ త్వరగానే అయిపోతుంది.

రిపోర్టుకు రెండు రోజులు పట్టింది, మందు మాత్రం ఆ రోజే మొదలుపెట్టారు. ఈ.కోలై అనే క్రిమి అని తేలింది, మొదలుపెట్టిన మందు దానికి పనిచేయదని మార్చారు. మూడో రోజుకి జ్వరం పోయినా పది రోజులూ వాడాం. కిడ్నీ స్కాన్ నార్మల్. అసలు దొంగ మలబద్ధకం: నిండిన పేగు మూత్రసంచిని నొక్కేస్తే మూత్రం పూర్తిగా బయటికి రాదట. మీ పాపకు విరేచనం ఎలా అవుతోందో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

వాంతులవుతున్నా, పాలు తాగకపోయినా, మగతగా పడుకుంటున్నా రేపటి దాకా ఆగకండి. ఈ రాత్రే తీసుకెళ్ళండి.