సోలార్‌తో సముద్రపు నీళ్లు తాగొచ్చా?

ప్రశ్న: సార్, మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. బోరు వేస్తే ఉప్పు నీళ్లు. వేసవిలో కాలవలు కట్టేస్తే మంచినీళ్ల చెరువు అడుగంటుతుంది, ఇక టిన్నులు కొనుక్కోవడమే. కుర్రాళ్లం చందాలేసుకుని, సోలార్ ప్లేట్లు పెట్టి సముద్రపు నీళ్లనే మంచినీళ్లు చేసుకుందామనుకుంటున్నాం. రోజుకు 5 వేల లీటర్లు చాలు. ఒకాయన బ్యాటరీలతో సహా కొటేషన్ ఇచ్చాడు. దిగొచ్చా?
– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: తమ్ముడూ, చందా డబ్బులంటున్నావు కాబట్టి సూటిగా చెబుతా. కొటేషన్ పక్కన పెట్టి, ముందు మీ బోరు నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీటిలో ఎంత ఉప్పు కరిగి ఉందో, కొలిపించండి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మీ బోరులో 3, 4 గ్రాములే అయితే సముద్రం దాకా పోనక్కర్లేదు.

ఖర్చంతా ప్రెషర్‌లోనే ఉంది. సముద్రపు నీళ్లను ఆర్వో పొరలోంచి (నీళ్లను వదిలి ఉప్పును చాలావరకు ఆపే వడపోత అది) నెట్టాలంటే పంపు 55 నుంచి 65 బార్లు ఇవ్వాలి. బైకు టైర్లో ఉండేది 2 బార్లు. గల్ఫ్‌లో ఇలాంటి ప్లాంటులో 11 ఏళ్లు ఆపరేటరుగా చేశాను. పంపు మీద చెయ్యి వేస్తే అదురు మోచేతి దాకా పాకేది. అంత పెద్ద ప్లాంట్లలో, బయటికి పోయే ఉప్పునీటిలో మిగిలిన ప్రెషర్‌ను పట్టి మళ్లీ వాడుకునే పరికరం ఉంటుంది. అందుకే వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లతో సరిపోతుంది. ఆ పరికరం లేని చిన్న ప్లాంటు 8, 10 యూనిట్లు తాగుతుంది. అంటే మీకు రోజుకు 40, 50 యూనిట్లు. మన ఎండకు ఒక కిలోవాట్ ప్లేట్లు రోజుకు 4 యూనిట్లు ఇస్తాయనుకుంటే 10, 12 కిలోవాట్లు పెట్టాలి. అదే ఓ మోస్తరు ఉప్పున్న బోరు నీళ్లకయితే 10, 15 బార్లు చాలు, 3 కిలోవాట్లలో పని అయిపోతుంది. కాకపోతే బోరును మరీ ఎక్కువ తోడితే సముద్రపు నీళ్లు భూమి లోపల బోరు వైపు జరుగుతాయి. నెలనెలా టీడీఎస్ చూసుకుంటూ ఉండాలి.

కొటేషన్‌లోంచి బ్యాటరీలు తీసేయించండి. రాత్రిపూట నడపాల్సిన పనేముంది? ఎండ ఉన్నప్పుడు నీళ్లు చేసి ట్యాంకులో పోసుకోండి. ఆ డబ్బుతో 10 వేల లీటర్ల ట్యాంకు కట్టుకుంటే మబ్బు పట్టిన రోజు కూడా గడిచిపోతుంది.

బ్యాటరీ లేకపోతే వచ్చే చిక్కు ఒకటుంది, అది నా కళ్లతో చూశాను. ఇక్కడికి తిరిగొచ్చాక, ఒక తీరపు ఊళ్లో సోలార్ ప్లాంటు నీళ్లు ఉప్పగా వస్తున్నాయని పిలిచారు. అప్పటికే పొరలు పాడయ్యాయని చెప్పి ఎవరో కొత్తవి వేయించారు, అయినా ఉప్పు పోలేదు. పొద్దున్నే మీటరు పట్టుకుని కుళాయి దగ్గర కూర్చున్నా. 7 గంటలకు టీడీఎస్ లీటరుకు 1,400 మిల్లీగ్రాములు. 10 గంటలకు 310. పొరలు బంగారంలా ఉన్నాయి! లేత ఎండకు పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ప్రెషర్ చాలదు, మంచినీళ్లు సన్నగా వస్తాయి. కానీ పొరలోంచి ఉప్పు జారడం మాత్రం తగ్గదు. దాంతో ఆ కాసిని నీళ్లూ ఉప్పగా ఉంటాయి. అవే ట్యాంకులో కలుస్తున్నాయి. ఒక వాల్వు బిగించి, పొద్దుటి నీళ్లు, సాయంత్రపు నీళ్లు తిరిగి ఉప్పునీళ్ల తొట్టిలోకే పోయేలా చేశాం. కొత్త పొరలకు పెట్టిన డబ్బు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. మీ కొటేషన్‌లో ఆ వాల్వుందో లేదో చూడు. ఆపే ముందు రోజూ మంచినీళ్లతో పొరల్ని కడగాలి, లేకపోతే జిగురు కడుతుంది.

మిగిలిన ఉప్పునీళ్లు ఎటు పోతాయో ఇప్పుడే తేల్చుకోండి. ఉప్పుటేటిలోకి వదలొచ్చేమో పంచాయతీని అడగండి. వరిచేల బోదెల్లోకి మాత్రం వద్దు, కింది రైతు మునుగుతాడు.

ఊరికి దూరంగా ఒకటి రెండు ఇళ్లే ఉంటే ఆర్వో కూడా అక్కర్లేదు. నల్లటి తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, పైన అద్దం ఏటవాలుగా మూస్తే, ఆవిరి అద్దానికి పట్టి చుక్కలుగా దిగుతుంది. 1872లోనే ఇప్పటి చిలీలోని లాస్ సాలినాస్ గనుల దగ్గర చార్లెస్ విల్సన్ ఇలాంటి తొట్లతో రోజుకు 20 వేల లీటర్లకు పైగా తీశాడు. చదరపు మీటరుకు రోజుకు 3, 4 లీటర్లే వస్తాయి కాబట్టి ఊరందరికీ చాలదు.

బోరు నీళ్ల రిపోర్టు, ఆ కొటేషన్ జిరాక్సు పత్రిక చిరునామాకు పంపు. పంపు సైజు నేనే లెక్కగట్టి రాస్తాను. అంతవరకు అడ్వాన్సు ఇవ్వొద్దు.