పోరంకిలో ఇల్లు కడుతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, బాబాయ్ ఆశీస్సులు.

స్లాబు దాకా వచ్చారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. సైట్లో సరుకు దొంగల పాలు కాకుండా కెమెరా ఎక్కడ పెట్టించాలని అడిగావట. ముందు రోజూ సాయంత్రం సరుకు లెక్క చూసుకోవడం అలవాటు చేసుకో. నేను చూసినంతలో, రాత్రి గోడ దూకి వచ్చినవాడి కంటే పగలు పని జరుగుతుండగా కొంచెం కొంచెంగా పోయేదే ఎక్కువ.

12 ఎంఎం ఊచ పూర్తి పొడవు 12 మీటర్లు, బరువు పదిన్నర కేజీల పైనే. అంత పొడవు ఊచని ఎత్తుకుపోవడం తేలిక కాదు. కోయగా మిగిలిన మూరెడు, బారెడు ముక్కలే గోతంలో పడి పాత ఇనుప కొట్టుకు చేరతాయి. వాటిని ఏ రోజుకారోజు ఒకచోట వేయించి తూకం రాసుకో. సిమెంటుకైతే ఖాళీ సంచులు లెక్కపెట్టు. పొద్దున ఉన్న బస్తాల్లోంచి వాటిని తీసేస్తే సాయంత్రం ఎన్ని ఉండాలో తెలుస్తుంది. స్లాబు పోసేటప్పుడు కింద ఆనించే సెంట్రింగ్ రేకులు, జాకీలు అద్దెకు తెచ్చినవైతే దించేటప్పుడే మేస్త్రీ చేత సంతకం పెట్టించు. పోతే డబ్బు కట్టాల్సింది నువ్వే.

రాగి వైరు విషయంలో తొందరపడకు. స్లాబులో, గోడల్లో పైపులు వేయించి వదిలెయ్. తలుపులు బిగించి తాళం పడ్డాకే వైరు లాగించు. కుళాయిలు, స్విచ్చులు రంగులయ్యాక చూసుకోవచ్చు.

వాచ్‌మెన్‌ని మాత్రం బాగా చూసుకో, నాన్నా. కుటుంబంతో ఉండేవాణ్ణి పెట్టుకో. వాళ్ల షెడ్డుకి లైటు, ఫ్యాను, మంచినీళ్లు, బాత్‌రూమ్ ఉండాలి. జీతం ఒకటో తారీఖునే ఇవ్వు. ఆధార్ కాపీ తీసుకో, కానీ ఏదైనా కనపడకపోతే ముందుగా అతన్నే అనుమానించకు. నీ ఇంటికి రాత్రంతా కాపలా ఉండే మనిషిని అవమానించడం చాలా తప్పు.

కెమెరాకి సిమ్ కార్డుతో, సోలార్ మీద నడిచేది తీసుకో. కరెంటు పోయినా పని చేస్తుంది. గేటూ, ఊచల కుప్పా రెండూ కనపడేలా, చెయ్యి అందని ఎత్తులో బిగించు.

సంక్రాంతికి కూలీలు ఊళ్లకెళితే సైటు రోజుల తరబడి ఖాళీ. ఆ ముందు వారంలో కొత్త ఇనుము దింపించకు, అద్దె సామాను వెనక్కి పంపెయ్. దసరాకి పోలీసులు చాలామంది ఇంద్రకీలాద్రి బందోబస్తులో ఉంటారు. అప్పుడు కూడా జాగ్రత్త. ఖాళీగా కనపడితే తాగడానికి చేరేవాళ్లుంటారు, అద్దాలూ టైల్సూ పగులుతాయి. మెట్ల దగ్గర చెక్క తలుపొకటి పెట్టించు. సంపు మూత ఎప్పుడూ వేసే ఉంచాలి. పిల్లలు ఆడుకుంటూ వస్తారు, అదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం.

ఏదైనా పోతే అక్కడి వస్తువులు కదపకుండా ఫొటోలు తీసి 112కి ఫోన్ చెయ్, స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, అడిగి తీసుకో. ఇన్సూరెన్స్ చేయిస్తే దొంగతనానికి కూడా వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి సంతకం పెట్టు. బిల్లులన్నీ సైట్లో కాదు, ఇంట్లో బీరువాలో పెట్టు.

మీ బాబాయ్