ఈ ‘నేను’ ఎవరండీ?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక విజువల్ నావెల్ చేస్తున్నాం, అంటే బొమ్మలు చూస్తూ కథ చదువుతూ, మధ్యమధ్యలో బటన్లు నొక్కి దారి ఎంచుకునే ఆట. బొమ్మలు వాడివి, రాత నాది. కనిపించకుండా పోయిన అక్క కోసం తమ్ముడు వెతకడం కథ. ఆటలో మనం నడిపేది ఆ తమ్ముణ్నే. అక్క వెళ్లేముందు రాసిన ఉత్తరాన్ని దాచింది కూడా అతనేనని చివర్లో తెలుస్తుంది. ప్రథమ పురుషలో, అంటే ‘నేను, నేను’ అంటూ 40 పేజీలు రాశాను. స్నేహితుడు చదివి, “వీడి మనసులో మాటలన్నీ మనకి వినిపిస్తున్నాయి కదరా, మరి ఉత్తరం సంగతి వీడికి ఒక్కసారైనా గుర్తు రాదా?” అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్. మొత్తం ‘అతను’ అని మార్చేయమంటారా?

జవాబు: ముందు చిన్న దిద్దుబాటు, ఏమీ అనుకోకండి. ‘నేను’ అంటూ రాసేది ప్రథమ పురుష కాదు, ఉత్తమ పురుష. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతను, ఆమె, అది. ఫస్ట్ పర్సన్ అన్నదాన్ని మాటకి మాట దించితే సరిగ్గా తలకిందులవుతుంది. దీనివల్ల నేనూ దెబ్బతిన్నాను. ఒకసారి బొమ్మలు వేసే అమ్మాయికి ‘కథనం ప్రథమ పురుషలో’ అని రాసి పంపాను. ఆమె దాన్ని ఫస్ట్ పర్సన్ అనుకుని, హీరో కళ్లతోనే చూస్తాం కాబట్టి హీరో కనిపించక్కర్లేదని అతని బొమ్మ ఒక్కటీ వేయలేదు. తప్పు ఇద్దరిదీ కాదు, నష్టం మాత్రం మూడు వారాలు.

మీ స్నేహితుడు పట్టుకున్నది నిజమైన లోపమే. కాకపోతే ‘నేను’ని ‘అతను’ చేసినంత మాత్రాన పోయేది కాదు. నవల్లో అయితే పోవచ్చు. ‘అతను’ అనగానే చదివేవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతారు, అతని మనసులో ఉన్నదంతా చెప్పకపోయినా సర్దుకుంటారు. ఆటలో ఆ దూరం నిలవదు. కాసేపటికోసారి తెర మీద బటన్లు వస్తాయి. తలుపు తట్టాలా, వెనక్కి వెళ్లిపోవాలా? నొక్కేది ఆడేవాళ్ల వేలు. పైన మీరు ఏ పురుషలో రాసినా, బటన్ దగ్గరికొచ్చేసరికి వాళ్లు ఆ తమ్ముడి చొక్కాలో దూరిపోతారు. అంటే మీ ‘నేను’లో ఇద్దరున్నారు. ఒకరికి ఉత్తరం సంగతి తెలుసు, ఇంకొకరికి తెలియదు.

నేనైతే ‘నేను’నే ఉంచుతాను. ఉత్తరాన్ని మాటల్లో దాచను, బటన్లలో దాస్తాను. ఎలాగో చూడండి. మొదటి అధ్యాయంలో ‘ఎక్కడ వెతకను?’ అని వస్తుంది. కింద మూడు బటన్లు: అక్క గది, మేడ మీద, పాత పెట్టెలు. తమ్ముడి గది అందులో లేదు. ఎవరికీ అనుమానం రాదు, అక్క కోసం సొంత గదిలో ఎవరైనా వెతుక్కుంటారా? మూడో అధ్యాయంలో మళ్లీ అదే ప్రశ్న, అవే మూడు బటన్లు. అన్నీ ఇదివరకు చూసేసినవే. “చూసినచోటే మళ్లీ చూడమంటాడేంటి వీడు!” అని ఆడేవాళ్లకి చిరాకేస్తుంది. వేయనివ్వండి. ఆఖరి అధ్యాయంలో నాలుగో బటన్ వస్తుంది: నా గది. దాని ముందుగానీ వెనకగానీ ఒక్క వాక్యం వివరణ రాయకండి. అతను ఇంతసేపూ మనకి అబద్ధం చెప్పలేదు, అటువైపు చూడలేదంతే. నవల రాసేవాళ్లకి లేని సౌకర్యం ఇది, వదులుకోవద్దు.

అబద్ధం చెప్పలేదు అన్నాను కదా, దాన్ని మాత్రం కచ్చితంగా పాటించాలి. మీ రెండో పేజీలో “అక్క ఒక్క ముక్క కూడా రాయకుండా వెళ్లిపోయింది” అని ఉంది. అది పచ్చి అబద్ధం, తీసేయండి. దాని బదులు “వెళ్తున్నానని అక్క నాతో చెప్పలేదు” అని ఉంచండి. చెప్పలేదు, రాసింది. మొదటిసారి ఆడినప్పుడు ఆ మాట ఎవరి చెవికీ తగలదు. రెండోసారి ఆడేవాళ్లు మాత్రం అక్కడ ఆగిపోతారు. విజువల్ నావెల్‌ని మిగతా దారులు చూడ్డానికి రెండోసారి కూడా ఆడతారు కాబట్టి, మీ వాక్యాలు ఆ రెండో చదువుకీ నిలబడాలి.

ఇది కొత్త తంటా ఏమీ కాదు. విజువల్ నావెల్ అనే పేరు ఇంకా లేని రోజుల్లోనే, 1983లో, జపాన్‌లో ఎనిక్స్ సంస్థ పోర్టోపియా వరుస హత్యల కేసు అనే ఆట విడుదల చేసింది. చేసింది యూజీ హోరీ, తర్వాత డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట చేసినాయనే. అందులో ఆడేవాళ్లే డిటెక్టివ్. ఆ డిటెక్టివ్ కనిపించడు, నోరు విప్పడు, ఆజ్ఞలిస్తాడు. వాటిని అమలుచేసి, ఏం జరిగిందో చెప్పేది యాసు అనే సహాయకుడు. చూసే కళ్లు ఒకరివి, చెప్పే నోరు ఇంకొకరిది. తమ్ముడి నోటితో కథ చెప్పించడం మీకు మరీ ఇబ్బందిగా ఉంటే ఈ దారి ఉంది: అక్క స్నేహితురాలి చేత కథ చెప్పించండి, తమ్ముణ్ని ఆమె పక్కన నడిపించండి. కానీ అప్పుడు నాలుగో బటన్ సుఖం పోతుంది. నాకైతే అది పోవడం ఇష్టం లేదు.

ఇంకో సంగతి. మీరు పంపిన పేజీల్లో కథకుడు మరీ ఎక్కువ మాట్లాడుతున్నాడు. “వర్షం జోరుగా కురుస్తోంది. తడిసి ముద్దయిన మాలతి భయంగా నా వైపు చూసింది.” వెనక బొమ్మలో వర్షం ఉంది, స్పీకర్లో చప్పుడు ఉంది, మాలతి బొమ్మ తడిసే ఉంది, భయం ఆమె కళ్లలో మీ స్నేహితుడు వేశాడు. ఇక మీ వాక్యానికి మిగిలింది ఏమిటి? “మాలతి చేతిలో గొడుగుంది. విప్పలేదు.” ఇది తమ్ముడు గమనించిన విషయం. ఎదురుగా ఉన్నదాన్ని బొమ్మ చూపిస్తుంది, అందులో తన కన్ను దేనిమీద పడిందో మాత్రమే ‘నేను’ చెప్పాలి. ఆ 40 పేజీలూ ఈ లెక్కన కోస్తే 25 అవుతాయి, బాధపడకండి.

ప్రశ్న: పాత టెక్స్ట్ గేముల్లోలాగా ‘నువ్వు’ అని రాద్దామనుకుంటున్నాను. ఆడేవాళ్లతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది కదా? లేకపోతే ‘మీరు’ అని రాస్తే మర్యాదగా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. నా మొదటి ఆట అలాగే రాశాను, మొదటి వాక్యానికే పట్టుబడ్డాను. “కవరు మీద చేతిరాత చూడగానే నువ్వు వణికిపోయావు” అని తెర మీద రాగానే, పరీక్షగా ఆడుతున్న మా బంధువుల అబ్బాయి “నేనేం వణకలేదే” అన్నాడు. ‘నువ్వు తలుపు తీశావు’ అంటే ఒప్పుకుంటారు, ‘నువ్వు భయపడ్డావు’ అంటే ఒప్పుకోరు. చేతులకి, కాళ్లకి సంబంధించినంతవరకే ‘నువ్వు’ పనిచేస్తుంది. మనసు దాకా వెళ్తే ఎదురుతిరుగుతారు.

సరే, ‘నేను’కి మారుద్దామని ఎడిటర్‌లో ‘నువ్వు’ ఉన్న ప్రతిచోటా ‘నేను’ పెట్టేశాను. ఫలితం: “నేను తలుపు తీశావు. నేను మెట్లు దిగావు.” తెలుగులో మనిషి సర్వనామంలో కాదు, క్రియ చివర కూర్చుని ఉంటాడు. అంతకన్నా ఘోరం, మనం సగం వాక్యాల్లో ‘నువ్వు’ అనేదే రాయం కాబట్టి అవి అసలు వెతుకులాటకే దొరకలేదు. ప్రతి ఫైలూ చేత్తో దిద్దుకున్నాను, ఆట విడుదలయ్యాక కూడా ఒక ‘పరిగెత్తావు’ బయటపడింది. అందుకే చెప్తున్నాను, పురుష ఏదో తేల్చుకోవడానికి ముందు ఒకే సీను మూడు రకాలుగా రాసి ఇద్దరి చేత ఆడించండి. సగం స్క్రిప్టు అయ్యాక మార్చడం మన భాషలో నరకం.

‘మీరు’ అని రాస్తే మర్యాదగా ఉంటుంది కదా అని కూడా అడిగారు. మీరు తలుపు తీశారు, మీరు దీపం వెలిగించారు... నాకు మిక్సీతో పాటు ఇచ్చే కాగితం చదువుతున్నట్టుంటుంది.

ప్రశ్న: మా ఆటలో పేరు, అబ్బాయా అమ్మాయా అన్నది ఆడేవాళ్లే ఎంచుకుంటారు. ఏ దృష్టికోణం తేలిక?

జవాబు: కళ్లు మూసుకుని ఉత్తమ పురుష. ‘వచ్చాను’లో ఆడామగా తేడా లేదు. ‘వచ్చాడు, వచ్చింది’ అన్నారంటే ప్రతి వాక్యానికీ రెండు రూపాలు రాయాలి, మర్యాదగా మాట్లాడేటప్పుడు వచ్చే ‘వచ్చారు’ కలిపి మూడు. మిగతా పాత్రలు కూడా హీరో గురించి వెనకాల మాట్లాడుకోకుండా, ఎదురుగా ‘నువ్వు’ అని మాట్లాడేలా సీన్లు కట్టుకోండి, చాలా చాకిరీ తప్పుతుంది.

పేరు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. రెన్‌పై లాంటి ఇంజన్‌లో, అంటే ఇలాంటి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, స్క్వేర్ బ్రాకెట్లలో వేరియబుల్ (ఆడేవాళ్లు కొట్టింది దాచుకునే గుర్తు) పేరు రాస్తే ఆడేవాళ్లిచ్చిన పేరు అక్కడ వచ్చి కూర్చుంటుంది. దాని పక్కన మీరు ‘కి’ తగిలిస్తారు. రవి అని కొడితే ‘రవికి’, బాగానే ఉంది. కృష్ణుడు అని కొడితే? ‘కృష్ణుడుకి’. ‘కృష్ణుడు గదిలో’ అని వచ్చిందంటే గది ఎవరిదో తెలియదు, కృష్ణుడు గదిలో ఉన్నాడన్న అర్థమూ వస్తుంది. అందుకని పేరుని పిలుపుగానే వాడండి: పేరు, కామా, తర్వాత మాట. మరీ తప్పనిచోట ‘గారు’ చేర్చుకుంటే విభక్తి ఆ ‘గారు’ మీద పడుతుంది, పేరు క్షేమంగా ఉంటుంది.

ప్రశ్న: ‘అతను’ అని రాస్తూనే హీరో మనసులో మాట వినిపించడం ఎలా? మధ్యలో వేరే పాత్ర కళ్లతో కూడా చూపించొచ్చా?

జవాబు: మొదటిదానికి రంగు వాడండి. 2001లో వచ్చిన ఏస్ అటార్నీ ఆటలో లాయరు పైకి అనే మాటలు తెల్లగా, లోపల అనుకునేవి బ్రాకెట్లలో నీలంగా వస్తాయి. రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. ఎవరి మాట ఎక్కడ కనిపించాలన్నదాన్నే కథలో భాగం చేసిన ఆట కూడా ఉంది. 2009లో నింటెండో డీఎస్ అనే రెండు తెరల ఆటయంత్రం మీద వచ్చిన నైన్ అవర్స్, నైన్ పర్సన్స్, నైన్ డోర్స్‌లో పై తెర మీద సంభాషణ, కింది తెర మీద కథనం నడుస్తాయి. ఎందుకలా విడదీశారో ఇక్కడ చెబితే నన్ను తిట్టుకుంటారు. ఆడి తెలుసుకోండి.

రెండోదానికి, మార్చొచ్చు. అధ్యాయం చివర మార్చండి, టెక్స్ట్ బాక్స్ రంగు కూడా మార్చండి. బటన్లు చూపించి, నొక్కేలోపు మనిషిని మార్చడం మాత్రం వద్దు. ఒకసారి నేనది చేశాను. ఆడినవాళ్లలో ఒకరు “నేను నొక్కింది ఎవరి కోసం?” అని ఉత్తరం రాశారు. ఇంకా జవాబివ్వలేదు.